ఓరుగల్లు వాడకట్లు – 9: ఎవరి గల్లాపెట్టె మీద గురి?

కొత్తవాడలో నూలు కట్ట చేతికందితే ముందు చూసేది నెంబరు. ఇరవై నెంబరు అంటే పౌను బరువు నూలులో ఇరవై చిలపలున్నాయని లెక్క. ఒక్కో చిలప 840 గజాలు. నెంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. సన్న చీరకు ఎనభై, వంద నెంబర్లు కావాలి. జంపఖానాకు అంత సోకు అక్కర్లేదు. పడుగు గట్టిగా, పేక లావుగా ఉంటే చాలు, పంజా దెబ్బకు పోగు పోగును ఆనుకుని కూర్చోవాలి. ఇనుప పళ్ల పంజా బరువెంతో సాయంత్రానికి మణికట్టు చెబుతుంది. వెడల్పు దర్రీ అయితే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి చెయ్యి ఆగితే రెండోవారూ ఆగాల్సిందే.

ఈ నెంబర్ల గోల ఇప్పుడెందుకంటే, నూరేళ్ల కిందట దేశం విదేశీ బట్టను వెలివేసినప్పుడు మన నేతగాళ్లలో ఎవరి మగ్గం ఇబ్బందిలో పడింది, ఎవరిది పడలేదు అన్నది చాలావరకు ఈ అంకె మీదే ఆధారపడింది. 1851 లండన్ ప్రదర్శన దాకా వెళ్లిన ఓరుగల్లు తివాచీ కథ ఇదివరకే చెప్పుకున్నాం. ఈ భాగంలో బహిష్కరణల సంగతి. కొనడం మానెయ్యడం అనే ఆయుధాన్ని మనవాళ్లు ఎప్పుడెప్పుడు ఎవరి మీదికి ఎక్కుపెట్టారు, గురి ఎక్కడ కుదిరింది, ఎక్కడ పక్కవాడికి తగిలింది అన్నది చూద్దాం.

వెలివెయ్యడం తెలంగాణ పల్లెకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. నిప్పు, నీళ్లు బందు చెయ్యడం కులపెద్దలు, దొరలు తరతరాలుగా వాడిన శిక్షే. అది ఎప్పుడూ పైనుంచి కిందికి పడేది. దాన్ని తిరగేసి కిందినుంచి పైకి విసిరిన సందర్భాలే చరిత్రకెక్కాయి. 1978లో జగిత్యాల ప్రాంతపు రైతుకూలీ ఉద్యమంలో కొన్ని ఊళ్లలో దొరలకు చాకలి బట్టలుతకలేదు, మంగలి క్షవరం చెయ్యలేదు, జీతగాడు గడప తొక్కలేదు. ఆ సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. నెల తిరిగేసరికి సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

దానికి సరిగ్గా తొంభై ఎనిమిదేళ్ల ముందు ఐర్లండులోని మేయో జిల్లాలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే. అక్కడి భూములు లార్డ్ అర్న్‌వి. ఆయన ఎక్కడో దూరాన ఉండేవాడు. కౌలు వసూలు చేసేది, కట్టలేనివాళ్లను ఖాళీ చేయించేది ఆయన ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్. 1880 శరత్తులో కూలీలు ఆయన పొలంలో దిగడం మానేశారు. కమ్మరి, చాకలి, దుకాణందారు అందరూ మొహం చాటేశారు. బయటినుంచి యాభైమంది కూలీలను తెచ్చి, వాళ్లకు సైన్యం కాపలా పెట్టి పంట తీయించాల్సి వచ్చింది. సుమారు 500 పౌండ్ల పంటకు అయిన ఖర్చు 10,000 పౌండ్లని చెబుతారు. అసలు దోషి దొర కదా, ఏజెంటును పట్టుకుంటే ఏం లాభం అని అప్పుడూ అన్నవాళ్లుండే ఉంటారు. కానీ దొర వాళ్ల చేతికి అందడు, ఏజెంటు అందుతాడు. ఏజెంటు లేకపోతే దొరకు కౌలు రాదు. దోషి ఎవరన్న ప్రశ్నకూ, గురి ఎవరి మీద పెట్టాలన్న ప్రశ్నకూ ఒకే జవాబు ఉండక్కర్లేదని మేయో రైతులకు తెలుసు.

ఇక బట్ట సంగతి. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో మొదలైన విదేశీ వస్తు బహిష్కరణ రెండేళ్లకు మన కోస్తాకు వచ్చింది. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ విశాఖ నుంచి బందరు దాకా ఊరూరా మాట్లాడారు. రాజమండ్రిలో వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థులను కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు అలా బయటికొచ్చినవారే. ఉత్సాహానికి లోటు లేదు. గురికే లోటు. బట్ట, చక్కెర, ఉప్పు, గాజులు, బడులు, కోర్టులు, అన్నిటినీ ఒకేసారి మానేద్దామన్నారు. అన్నీ మానేద్దామన్న ఊపులో దేన్నీ పూర్తిగా మానలేకపోయారు.

ఈ పాఠం బాగా వంటబట్టించుకున్నది గాంధీ. 1919 నవంబరులో ఢిల్లీ ఖిలాఫత్ సభలో మౌలానా హస్రత్ మొహానీ బ్రిటిష్ సరుకులన్నిటినీ బహిష్కరిద్దామని పట్టుబట్టారు. గాంధీ ఒప్పుకోలేదు. అది ఆచరణలో నిలబడే పని కాదన్నారు. నిజమే కదా, గడియారం బ్రిటిషుది, మందుసీసా బ్రిటిషుది, అచ్చుయంత్రం బ్రిటిషుది. ఏది మానాలి, ఏది మానలేం అని ఇంటింటా తగువులాడుకునేలోపు ఉద్యమం చల్లారిపోతుంది. ఆయన ఎంచుకున్నది ఒక్కటే సరుకు, విదేశీ బట్ట. 1913-14 లెక్కల్లో భారతదేశపు దిగుమతుల విలువలో మూడో వంతుకు పైగా నూలు, నూలు బట్టలే. లాంకషైర్ మిల్లులకు అతి పెద్ద అంగడి మనదే. ఆ బట్ట కొనని ఇల్లు లేదు. కాబట్టి మానడానికి ప్రతి ఇంటికీ అవకాశం ఉంది. మానినవాళ్లు దిసమొలతో తిరగక్కర్లేదు, రాట్నం ఉంది, మగ్గం ఉంది. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మానేసిన మర్నాడు ఏం కట్టుకోవాలో చెప్పలేని బహిష్కరణ ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రత్యామ్నాయం అనగానే 1791 నాటి ఇంగ్లండు గుర్తొస్తుంది. వెస్టిండీస్ తోటల్లో బానిసలు పండించిన చక్కెర తినేది లేదని అక్కడి ఇల్లాళ్లు మానేశారు. మూడు లక్షలమంది మానేశారని బానిసత్వంపై పోరాడిన థామస్ క్లార్క్‌సన్ అంచనా. టీ మానేస్తారా అంటే మానరు. దానిలోకి ఈస్టిండియా చక్కెర తెచ్చుకున్నారు. ఈ గిన్నెలోది బానిసలు చేసిన చక్కెర కాదని చక్కెర గిన్నెల మీద రాయించుకున్నారు. ఈస్టిండియా అంటే కంపెనీ ఏలుబడిలోని మన నేల. ఇక్కడి రైతు ఏ స్థితిలో ఉన్నాడో ఆ గిన్నె మీద రాసేంత చోటు లేకపోయింది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో కాంగ్రెసు కమిటీ బెజవాడలో కూర్చుంది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని లెక్క గట్టింది. జులైలో బొంబాయిలో మళ్లీ కలిసి, సెప్టెంబరు 30కల్లా విదేశీ బట్ట పూర్తిగా బందు కావాలని గడువు పెట్టింది. జులై 31న పరేల్‌లో బట్టల గుట్టకు నిప్పు పెట్టారు. బీదవాడికి కప్పుకునే గుడ్డ లేనిచోట గుడ్డలు తగలబెట్టడమేమిటని రవీంద్రనాథ్ ఠాగూర్ నిలదీశారు. దిగుమతయ్యే బట్ట విలువ 1920-21లో 102 కోట్ల రూపాయలుంటే మరుసటేడు 57 కోట్లకు పడింది. ఈ అంకెను చూసి మురిసిపోయేవాళ్లు ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. సరిగ్గా అదే కాలంలో రూపాయి మారకం విలువ కూలిపోయి, ఆర్డర్లు పెట్టిన టోకు వర్తకులు నష్టం భరించలేక సరుకు విడిపించుకోలేదు. కొనను అన్న దేశభక్తి, కొనలేను అన్న వర్తకుడి గోడు, రెండూ కలిసి ఆ అంకెను తగ్గించాయి. నా మట్టుకు నాకు ఇందులో ఉద్యమానికి చిన్నతనమేమీ కనిపించదు. అవతలివాడు ఎలాగూ తూలుతున్న సమయం చూసి తొయ్యడం కూడా గురిలో భాగమే.

ఇప్పుడు నెంబరు దగ్గరికి వద్దాం. విదేశీ బట్ట వద్దన్నాక, విదేశీ నూలుతో నేసిన మన బట్ట సంగతేమిటి? ముతక నూలు అప్పటికే దేశీ మిల్లుల్లో తయారవుతోంది. సన్న నెంబర్లు మాత్రం ఎక్కువగా సముద్రం దాటి రావాల్సిందే. దాంతో సన్న చీర నేసే కోస్తా సాలెవాడు చిక్కుల్లో పడ్డాడు. అతను స్వదేశీయే, అతని మగ్గం స్వదేశీయే, పోగు మాత్రం సీమది. చేత్తో వడికిన నూలు వాడమన్నారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి వంద నెంబరు తీసే చేతులున్నాయి నిజమే, కానీ అలాంటి చేతులు ఊరికొకటి ఉండవు. మామూలు రాట్నపు నూలు పడుగుకు వేస్తే తెగుతూనే ఉంటుంది. తెగినప్పుడల్లా మగ్గం ఆపి అతకాలి. గజానికి కూలి తీసుకునేవాడికి ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే. అందుకే ఖద్దరు మొదటి రోజుల్లో చాలాచోట్ల పడుగు మిల్లుది, పేక రాట్నానిది పెట్టి సర్దుకున్నారు. తీర్మానాలు రాసినవారి దృష్టి గుడ్డ మీద ఉంది, నేసేవాడి దృష్టి పోగు మీద ఉంది.

కొత్తవాడ పని లావు నూలుది. సన్ననూలు కరువు ఇక్కడి జంపఖానాను తాకే అవకాశం తక్కువ. పైగా ఓరుగల్లు నిజాం ఏలుబడి. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 కట్టడి చేసిన రాజ్యంలో, వీధుల్లో బట్టల మంటలకు తావెక్కడిది? 1934లో ఆజంజాహి మిల్లు వచ్చాక ఊరికి సొంత మిల్లు గుడ్డ కూడా దొరికింది. ఇక్కడి చేనేతకు పోటీ మాంచెస్టరు నుంచే కాదు, స్టేషను పక్కనుంచీ వచ్చింది.

నిజాం రాజ్యంలో గురి బట్ట మీద కాదు, చెట్టు మీద పడింది. 1947 ఆగస్టు 7న హైదరాబాద్ స్టేట్ కాంగ్రెసు ఇండియాలో కలవాలంటూ సత్యాగ్రహానికి దిగింది. వారం తిరిగేసరికి దాని నాయకుడు స్వామి రామానందతీర్థను జైల్లో పెట్టారు. ఆ తర్వాతి నెలల్లో కరోడ్‌గిరి (సుంకం) నాకాల మీద దాడులతో పాటు తాళ్లు, ఈదులు నరకడం ఉద్యమ కార్యక్రమమైంది. ఆబ్కారీ నిజాం ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఒకటి. చెట్టుకు పన్ను, కల్లుకు ముస్తాజరు వేలం. తాగేవాళ్లను ఒక్కొక్కరినీ మాన్పించే బదులు చెట్టునే పడగొడితే సర్కారు రాబడి ఊటే ఎండిపోతుందని లెక్క. ఖజానా వైపునుంచి చూస్తే ఆ లెక్కలో తప్పు లేదు. కానీ ఈదు చెట్టు కింద సర్కారు ఒక్కటే నిలబడి లేదు, మోకు ముస్తాదుతో గౌండ్లాయన కూడా ఉన్నాడు. కొనడం మానేస్తే రేపు మళ్లీ కొనొచ్చు. నరికిన తాడు చోట ఇంకోటి పెరిగి కల్లు పారాలంటే ఓ తరం పడుతుంది. దీన్ని బహిష్కరణ అనడం కన్నా ఖజానా మీద దాడి అనడం న్యాయం. ఆ దాడి ఖర్చులో గీతకార్మికుడి వాటా ఎంతో ఉద్యమ చరిత్రలు అంతగా పట్టించుకోలేదు.

నలభై అయిదేళ్ల తర్వాత ఇదే ఆబ్కారీ మీద నెల్లూరు ఆడవాళ్లు పెట్టిన గురి వేరు. నా దృష్టిలో తెలుగు నేల మీద ఇంత సూటిగా కుదిరిన గురి మరొకటి లేదు.

1980ల్లో రాష్ట్ర సర్కారు వారుణి వాహిని పేరుతో సారాను పొట్లాల్లో నింపించి ఊరూరికీ పంపింది. మంచినీళ్లు రాని ఊళ్లకు కూడా సారా తప్పకుండా వచ్చేది. 1991-92 నాటికి ఆబ్కారీ రాబడి ఎనిమిది వందల కోట్లు దాటింది. సరిగ్గా అప్పుడే నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో చదువు ఉద్యమం నడుస్తోంది. సాయంత్రాలు పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు వాచకంలోని సారా పాఠం దగ్గర ఆగారు, మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ వార్త కూడా పాఠాలకెక్కింది. మిగతా ఊళ్లు చదివి తామూ లేచాయి.

మొదట గురి దుకాణం మీదే. పొట్లాలు తెచ్చే జీపుల్ని ఆపారు, తాగొచ్చిన మొగుళ్లకు చీపుర్లు చూపించారు. కానీ ఒక ఊళ్లో దుకాణం మూస్తే పక్క ఊళ్లో అమ్ముతాడు. పగలు మూస్తే రాత్రి అమ్ముతాడు. వందల ఊళ్లలో చిల్లరగా పారే ఈ డబ్బు ఏడాదికోసారి ఒక్క గదిలోకి వచ్చి చేరుతుంది. అది సారా వేలంపాట. కాంట్రాక్టరు పాట పాడితేనే సర్కారుకు రొక్కం, కాంట్రాక్టరుకు హక్కు. 1992లో నెల్లూరు ఆడవాళ్లు ఆ గది ముందుకే వెళ్లి కూర్చున్నారు. పాట వాయిదా పడింది. మళ్లీ తేదీ వేశారు, మళ్లీ వచ్చారు, మళ్లీ వాయిదా. ఆ కూర్చున్న వాళ్లలో ఒక్కరు కూడా సారా కొనేవాళ్లు కారు. సారా కొన్నది మొగవాళ్లు, దాని ఖరీదు కట్టింది వీళ్లు. సరుకు వాడనివాళ్లు నడిపిన బహిష్కరణ ఇది. దీన్ని ఏ పాఠ్యపుస్తకపు నిర్వచనంలో ఇరికించినా ఇమడదు.

దీనికి తెలంగాణలో ఇంకో ముఖం ఉంది. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో అప్పటికే నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీ సారా బందు పెట్టించింది. రాబడి పోతుందని సర్కారు పోలీసుల కాపలాలో సారా అమ్మించింది. తుపాకీ చూసి మానినవాడికి ఇంకో తుపాకీ పోస్తే మళ్లీ తాగక తప్పని పరిస్థితి. నెల్లూరులో తుపాకీ లేదు కాబట్టే దాన్ని ఎదుర్కోవడం సర్కారుకు చేతకాలేదు. 1993 ఏప్రిల్లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సర్కారు మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో అది సడలింది. సారా తిరిగి రాలేదు, దాని చోట్లోకి సీసా వచ్చింది. ఖజానాకు ఇంకో తోవ దొరికింది. పాట గదిని మూయించగలిగారు కానీ, ఆ రాబడి లేకుండా సర్కారు నడిచే దారి చూపించమని అడిగేదాకా ఉద్యమం నడవలేదు.

మళ్లీ తివాచీల దగ్గరికి. 1990ల మొదట్లో భారతదేశపు తివాచీకి అతి పెద్ద కొనుగోలుదారు జర్మనీ. మీర్జాపూర్, భదోహి మగ్గాల మీద పసిపిల్లలను కట్టుబానిసలుగా కూర్చోబెట్టి ముళ్లు వేయిస్తున్నారన్న సంగతి అక్కడ బయటపడింది. ఇండియా తివాచీ కొనొద్దన్న మాట పుట్టింది. జర్మనీ దుకాణంలో చుట్టచుట్టి పెట్టిన తివాచీ భదోహిదో, ఏలూరుదో, ఓరుగల్లుదో కొనేవాడికి ఏం తెలుస్తుంది? దేశం పేరు మీద గురి పెడితే పెద్దవాళ్లే నేసిన మగ్గాలు కూడా ఆగుతాయి. ఆ కాలంలోనే అమెరికాలో సెనేటర్ హార్కిన్ బాలకార్మికుల సరుకు దిగుమతి ఆపాలని బిల్లు పెట్టారు. అది చట్టం కాకముందే బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీలు భయపడి పిల్లలను రోడ్డు మీదికి తోసేశాయి. సుమారు 50,000 మందని యూనిసెఫ్ అంచనా. వాళ్లు బడికి పోలేదు. చాలామంది రాళ్లు కొట్టే పనిలాంటి అంతకన్నా పాడు పనుల్లో తేలారు.

కైలాష్ సత్యార్థి తదితరులు 1994లో మొదలుపెట్టిన రగ్‌మార్క్ దీనికి విరుగుడు. తివాచీ వెనక ఒక చీటీ, దాని మీద ఒక అంకె, ఆ అంకెను పట్టుకుని వెనక్కి వెళితే ఏ మగ్గం మీద నేశారో తెలిసిపోతుంది. తనిఖీకి ఎప్పుడైనా రావచ్చు. కొనేవాడు తివాచీ మానక్కర్లేదు, చీటీ లేని తివాచీ మానితే చాలు. గురి దేశం మీదినుంచి దిగి ఎగుమతిదారు మీదికి, అక్కడినుంచి మగ్గం మీదికి వచ్చింది.

కొత్తవాడకు ఇవాళ ఉన్న పోటీ సాంచాలది, అంటే మరమగ్గాలది. చేత్తో నేసిన జంపఖానా ధరలో సగానికే మరమగ్గం దుప్పటి, దర్రీ బజారులో పరుస్తుంటే, బయటి సరుకు కొనకండని పిలుపివ్వాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ గురి చూడండి. బయటి సరుకు అంటే మొదట నోటికొచ్చేది సోలాపూర్ పేరు. ఆ సోలాపూర్‌లో సాంచాల మీద నిలబడేవాళ్లలో తెలుగు పద్మశాలీలు వేలమంది, తాతల నాడు ఈ తెలంగాణ జిల్లాల నుంచి మూట కట్టుకుని పోయినవాళ్ల సంతతే. ఇక్కడి గడప సోలాపూర్ దుప్పటిని వెలివేస్తే దెబ్బ తగిలేది ముందు ఎవరికి?

చట్టం వేరే చోటు చూపిస్తోంది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద మరమగ్గాలు నేయకూడని వస్తువుల జాబితా మొదట 22. 1996లో దాన్ని 11కు కుదించారు. కుదించిన జాబితాలోనూ జంపఖానా ఉంది. అంటే చేనేత పేరు పెట్టి మరమగ్గం దర్రీని అమ్మేవాడు, నేయించే యజమాని, తనిఖీకి పోని అధికారి, వీళ్లు ముగ్గురూ చిరునామా ఉన్నవాళ్లు. 2018లో వరంగల్ దర్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరును ఎవరు దొంగిలించినా అడిగే హక్కు కూడా ఉంది. ఇక కొనేవాడి సంగతి. ఇక్కడి సంఘాల సరుకులో పెద్ద భాగం చేనేత సహకార సంస్థల (ఒకప్పుడు ఆప్కో, తర్వాత టెస్కో) ద్వారా సర్కారు హాస్టళ్లలోని పిల్లల పక్కల కిందికి పోయేదే. కొత్తవాడ బతుకు వెయ్యిమంది గిరాకీల ఇష్టాయిష్టాల మీద కన్నా ఒక్క ఆఫీసులో సంతకమయ్యే ఆర్డరు మీద ఎక్కువ ఆధారపడింది. నేతన్నలు బజార్లో బోర్డులు పట్టుకోకుండా ఆఫీసు ముందే ఎందుకు కూర్చుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. నెల్లూరు ఆడవాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన గది ఎలాంటిదో వీళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వచ్చే భాగంలో సోలాపూర్ వలస: ఏ కరువుకు, ఏ వెట్టికి జడిసి ఓరుగల్లు, కరీంనగర్, నల్లగొండ సాలెలు మగ్గం వదిలి రైలెక్కారు, అక్కడ ఏ వీధుల్లో తెలుగు బడులు పెట్టుకున్నారు అన్న కథ.